పదాలు మనవి, పేరు మరొకరిది: కమ్యూనికేషన్స్ ఉద్యోగంలో తృప్తి ఎక్కడుంటుంది?

ప్రశ్న — పద్నాలుగో డ్రాఫ్టు

అందరికీ నమస్కారం. కమ్యూనికేషన్స్, ప్రజాసంబంధాల రంగంలో నాకు పదకొండేళ్ల అనుభవం ఉంది. తొలి ఐదేళ్లు ఒక ఏజెన్సీలో రకరకాల క్లయింట్ల పని చూశాను. ఆ తరువాత నుంచి ఒక పెద్ద సంస్థలోని కార్పొరేట్ కమ్యూనికేషన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. జీతం విషయంలో గానీ, పై అధికారుల ప్రవర్తన విషయంలో గానీ నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. అయినా ఏడాదిగా, పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చోగానే, ఈ రోజు నేను చేయబోయే పని చేయకపోతే ఎవరికి ఏం తక్కువవుతుందన్న ప్రశ్న వచ్చి ఎదురుగా నిలబడుతోంది.

ఒక ఉదాహరణ చెబితే నా బాధ మీకు తెలుస్తుంది. కొద్ది నెలల క్రితం మా సంస్థ రెండు సేవా కేంద్రాలను ఒకటిగా కలిపింది. ఆ సందర్భంగా ఇవ్వవలసిన ప్రెస్ నోట్ నేనే రాశాను. నా మొదటి ప్రతిలో రెండో వాక్యం ఇలా ఉండేది: "ఈ మార్పు వల్ల మొదటి మూడు నెలలు కొందరు వినియోగదారులు ఎక్కువ దూరం వెళ్లవలసి వస్తుంది, అలాంటివారు ఫోన్ ద్వారానే పని పూర్తి చేసుకునే ఏర్పాటు చేశాం." ఆ ప్రతి ఆపరేషన్స్‌కు, అక్కడి నుంచి లీగల్‌కు, మానవ వనరుల విభాగానికి, ఇద్దరు డైరెక్టర్ల కార్యాలయాలకు తిరిగి తిరిగి పద్నాలుగో ప్రతిగా నా దగ్గరికి వచ్చేసరికి, ఆ వాక్యం ఉన్న చోట "వినియోగదారులకు మరింత మెరుగైన, సమగ్రమైన అనుభవాన్ని అందించే దిశగా ఇది మరో ముందడుగు" అని ఉంది. మరుసటి రోజు ఇరవై ఆరు చోట్ల ఆ వార్త వచ్చింది. క్లిప్పింగుల నివేదికలో, అనుకూలంగా వచ్చిన ఇరవై నాలుగింటికి ఆకుపచ్చ రంగు వేసి పంపాను. కవరేజీ చాలా బాగుందని అభినందనలు వచ్చాయి. డైరెక్టరు గారి పేరుతో వెళ్లిన వ్యాఖ్య ఎంతో హుందాగా ఉందని ఆయనకు సందేశాలు వెళ్లాయి. ఆ వ్యాఖ్యలో ప్రతి మాటా నేను రాసిందే. అది కూడా నన్ను అంతగా బాధించలేదు. అదే వారంలో ఫ్రంట్ ఆఫీసులో పనిచేసే సహోద్యోగి ఫోన్ చేసి, మూసేసిన కేంద్రానికి వచ్చి తాళం చూసి వెనుదిరిగినవాళ్ల సంగతి చెప్పినప్పుడు మాత్రం, నేను వేసిన ఆ ఆకుపచ్చ రంగు చూడబుద్ధి కాలేదు.

ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నవారిని అడుగుతున్నాను. మన పని ఫలితం మన కళ్లకు కనబడదు, కనబడినా అది మన వల్లే జరిగిందని చెప్పుకోలేం. అలాంటప్పుడు మీకు ఈ ఉద్యోగంలో తృప్తి దేని నుంచి వస్తోంది? లోపం ఈ వృత్తిలోనే ఉందా, నేను దాన్ని చేస్తున్న తీరులో ఉందా? ఉద్యోగం మారమనే సలహా, ఆఫీసు బయట ఏదైనా వ్యాపకం పెట్టుకోమనే సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు కాబట్టి, దయచేసి ఆ రెండూ కాకుండా చెప్పండి.

జవాబు — పాత డెస్కు మనిషి

పద్నాలుగో డ్రాఫ్టు గారూ, మీరు రాసిన దానిలో రెండు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉన్నాయి. పేరు రాకపోవడం ఒకటి, మాట చెల్లకపోవడం మరొకటి. మొదటిది మిమ్మల్ని పెద్దగా బాధించడం లేదని మీరే అన్నారు కాబట్టి దాన్ని పక్కన పెడతాను. పన్నెండేళ్లు పత్రిక డెస్కులో ఇతరుల కాపీ, అంటే వార్తల రాతప్రతి, దిద్ది, శీర్షికలు పెట్టి, ఏ ఒక్కదాని కిందా పేరు లేకుండా ఇంటికి వెళ్లినవాడిని నేను. పేరు లేని పనికి అలవాటు పడవచ్చు. చెల్లని మాటకు మాత్రం అలవాటు పడకూడదని ఈ వైపుకు వచ్చిన పందొమ్మిదేళ్లలో నేర్చుకున్నాను.

ఈ వృత్తి పుట్టినప్పటి నుంచీ ఉన్న చిక్కు ఇదే. 1906లో అమెరికాలో బొగ్గు గనుల సమ్మె సమయంలో యజమానుల తరఫున ప్రజాసంబంధాల పని చూసిన ఐవీ లీ, తమది రహస్య ప్రచార కార్యాలయం కాదనీ, పని అంతా బహిరంగంగానే జరుగుతుందనీ, అడిగిన సంపాదకుడికి వివరాలు సరిచూసుకోవడంలో సాయపడతామనీ పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. మన వృత్తి నీతికి తొలి పాఠంగా దాన్నే చెబుతారు. అదే ఐవీ లీ 1914లో కొలరాడో రాష్ట్రంలోని లడ్‌లో అనే చోట గని కార్మికులపై జరిగిన కాల్పుల తరువాత, ఆ గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల కోసం పనిచేస్తూ, గని యాజమాన్యం ఇచ్చిన తప్పుడు వివరాలను అచ్చువేయించి పంచాడు. వాటిని స్వయంగా సరిచూడలేదని తరువాత విచారణ సంఘం ముందు ఒప్పుకోవలసి వచ్చింది. మనిషి ఒక్కడే. మొదటి సందర్భంలో విషయం ఎలా చెప్పాలో నిర్ణయించే అధికారం తన చేతిలో ఉంచుకున్నాడు, రెండో సందర్భంలో చేతికిచ్చింది అందజేశాడు. ఆ తేడా మన రోజువారీ పనిలోనూ అంతే.

ఆర్థర్ పేజ్ 1927లో అమెరికా టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీలో ప్రజాసంబంధాల ఉపాధ్యక్షుడిగా చేరేటప్పుడు, సంస్థ విధానాలు నిర్ణయించే చోట తనకు మాట ఉండాలని ముందే షరతు పెట్టుకున్నాడు. అంతటి షరతు పెట్టగల స్థితిలో మనలో ఎంతమందిమి ఉంటామని మీరు నవ్వవచ్చు. నేనూ నవ్వాను. కానీ చిన్న స్థాయిలో అదే షరతును మనం ఎన్నిసార్లు పెట్టగలిగీ పెట్టకుండా వదిలేస్తున్నామో ఆలోచించండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థ అమ్మిన చార్జర్లలో ఒక బ్యాచ్ విపరీతంగా వేడెక్కుతోందని రాత్రి తొమ్మిదింటికి తెలిసింది. పదింటికల్లా హోల్డింగ్ స్టేట్‌మెంట్, అంటే పూర్తి వివరాలు తేలక ముందే ఇచ్చే తొలి ప్రకటన, సిద్ధమైంది. నాలుగు పేరాలు. మొదటి పేరాలో భద్రత పట్ల సంస్థకున్న దశాబ్దాల నిబద్ధత, రెండో పేరాలో నాణ్యత పరీక్షల వివరం, మూడో పేరాలో "కొన్ని పరిమిత సందర్భాలలో" అనే పదబంధం. చార్జరు మీద ఏ అంకెలు చూసుకోవాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్న సంగతి మాత్రం నాలుగో పేరా చివర. నేను నాలుగో పేరాను పైకి తెచ్చి, మొదటి వాక్యంగా "మీ చార్జరు వెనుక ఈ అంకెలు ఉంటే వెంటనే ప్లగ్ నుంచి తీసేయండి" అని రాశాను. నలభై నిమిషాలు వాదన జరిగింది. ప్రజలు భయపడతారని ఒకరన్నారు. భయపడి ప్లగ్ తీసేస్తే మనకు కావలసింది అదే కదా అన్నాను. చివరికి ఆ వాక్యం అలాగే వెళ్లింది. మర్నాడు నన్నెవరూ మెచ్చుకోలేదు, ఏ ఇంట్లో ఎవరు ఆ చార్జరు తీశారో నాకెప్పటికీ తెలియదు. అయినా ఈ ఉద్యోగం నాకేమిచ్చిందని ఎవరైనా అడిగితే ఆ నలభై నిమిషాలే గుర్తుకొస్తాయి. గోడ మీద వేలాడుతున్న అవార్డులు గుర్తుకు రావు, అవి దేనికిచ్చారో కూడా కొన్నిటి విషయంలో మరిచిపోయాను.

1982లో షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పి మాత్రలలో ఎవరో సైనైడ్ కలపడం వల్ల ఏడుగురు చనిపోయినప్పుడు జాన్సన్ అండ్ జాన్సన్ దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించిన ఉదంతాన్ని ప్రజాసంబంధాల విజయంగా ప్రతి తరగతిలోనూ చెబుతారు. నాకు అందులో నచ్చే సంగతి వేరు. అక్కడ సరుకు వెనక్కి తీసుకోవాలన్న నిర్ణయమే సందేశం. తీసుకోకుండా ఎంత చక్కటి ప్రకటన రాసినా అది నిలబడేది కాదు. కాబట్టి మన తృప్తిని వాక్యంలో వెతుక్కోవడం కంటే, వాక్యం పుట్టడానికి ముందు జరిగే చర్చలో వెతుక్కోవాలని నా అభిప్రాయం.

మీ పద్నాలుగు ప్రతుల విషయంలో ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ రెండో వాక్యాన్ని సరిగ్గా ఎన్నో ప్రతిలో, ఎవరు, ఏ కారణంతో తీసేశారో మీకు తెలుసా? తెలియకపోతే ముందు అది కనుక్కోండి. డెస్కులో మేము కాపీ పాడైతే మొదట చేసే పని అదే.

జవాబు — కొలబద్ద

పాత డెస్కు మనిషి గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ అందరికీ చార్జరు రాత్రి రాదు. వచ్చినా ఏళ్లకొకసారి. మిగిలిన రోజులలో మనసుకు ఆధారం కావాలంటే ఫలితం చూడగలగాలి, ఫలితం చూడాలంటే కొలవవలసిన దాన్ని కొలవాలి. నేను మీడియా విశ్లేషణలో, ప్రచార ఫలితాల మదింపులో పనిచేస్తాను కాబట్టి నా దృష్టి అటే పోతుంది, మన్నించండి.

ఉద్యోగంలో మనిషికి లోపలి నుంచి ఉత్సాహం ఎందుకొస్తుందో వివరిస్తూ హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970ల మధ్యలో ఒక నమూనా ప్రతిపాదించారు. పనిలో రకరకాల నైపుణ్యాలకు చోటుండటం, పనిని మొదటి నుంచి చివరి దాకా మనమే చేయగలగడం, ఆ పని ఇతరుల జీవితాలకు ఉపయోగపడటం, మన నిర్ణయానికి స్వేచ్ఛ ఉండటం, చేసిన పని ఎలా ఉందో ఆ పని ద్వారానే తెలియడం అని అందులో ఐదు లక్షణాలు ఉన్నాయి. మీ ఉదాహరణను ఈ ఐదింటి పక్కన పెట్టి చూడండి. నైపుణ్యాలకు కొదవ లేదు. నోట్ మీరు మొదలుపెట్టారు, పూర్తిచేసింది ఇంకెవరో. స్వేచ్ఛ మొదటి ప్రతితోనే అయిపోయింది. ఇక పని ఎలా ఉందో మీకు తెలిపింది క్లిప్పింగుల సంఖ్య, అంటే అసలేమీ తెలపలేదు. వెలితి రాకపోతేనే ఆశ్చర్యపడాలి.

క్లిప్పింగుల గురించి నాకు ఎప్పటి నుంచో కోపం ఉంది. వార్త ఆక్రమించిన చోటును ప్రకటన ధరతో గుణించి, మా విభాగం ఇంత విలువ సంపాదించిందని చూపించే అలవాటు దశాబ్దాలపాటు మన రంగాన్ని పాలించింది. ఆ లెక్క కమ్యూనికేషన్ విలువను చెప్పదని 2010లో బార్సిలోనాలో జరిగిన సదస్సులో ఈ రంగపు సంస్థలే ఒప్పుకుని సూత్రాలు రాసుకున్నాయి. వాటినే బార్సిలోనా సూత్రాలు అంటారు. 2015లోనూ, 2020లోనూ వాటిని సవరించారు గానీ ఈ మాటను మాత్రం వదల్లేదు. మనం ఎంత పంపాం, ఎన్నిచోట్ల వచ్చిందనేది ఒక మెట్టు. చదివినవాడికి ఏం అర్థమైందనేది రెండో మెట్టు. అర్థమయ్యాక అతను ఏం చేశాడనేది మూడో మెట్టు. మీ ఆకుపచ్చ రంగు మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. తాళం చూసి వెనుదిరిగినవాళ్లు మూడో మెట్టు మీద ఉన్నారు. మీ సహోద్యోగి చేసిన ఆ ఫోన్ కాల్ మీ నివేదికలో ఎక్కడా లేదు, నిజానికి ఉండవలసిన మొదటి పేరా అదే.

మూడో మెట్టు కొలవడానికి పెద్ద బడ్జెట్ కావాలనుకుంటారు. అవసరం లేదు. ఒకసారి మా సంస్థ పాలసీదారులకు పంపే పునరుద్ధరణ లేఖను తిరగరాసే పని నాకు అప్పగించారు. రాయడానికి ముందు రెండు మధ్యాహ్నాలు కాల్ సెంటర్‌లో ఒక ఉద్యోగిని పక్కన రెండో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. లేఖ అందుకుని ఫోన్ చేసినవారిలో దాదాపు ప్రతి ఒక్కరూ మొదట అడిగింది ఒకటే: "లేఖ వచ్చింది, చదివాను, ఇంతకీ నేను చేయవలసింది ఏమిటి?" కొత్త లేఖలో గడువు తేదీ, పంపవలసిన కాగితాలు, పంపవలసిన చోటు మొదటి మూడు వరుసలలో పెట్టాను. అది వెళ్లిన తరువాత మళ్లీ ఒక మధ్యాహ్నం అదే కుర్చీలో కూర్చున్నాను. ఈసారి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "రెండో కాగితం నా దగ్గర లేదు, దానికి బదులు ఇంకేదైనా పనికొస్తుందా?" అని అడిగారు. ప్రశ్న మారింది. అంటే లేఖ తన పని చేసింది. ఆ ఉద్యోగిని నా వైపు తిరిగి బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆ ఏడాది నాకు దక్కిన మదింపు నివేదికలలో నేను దాచుకున్నది అదొక్కటే.

నోట్ పంపాక ఆగకుండా, దాన్ని చదివిన మనిషి ఉన్న చోటికి నెలకు ఒక్కసారైనా వెళ్లండి. ఫ్రంట్ ఆఫీసు, కాల్ సెంటర్, ఫిర్యాదుల విభాగం, ఏదైనా సరే.

జవాబు — గడప దాటినవాడు

పైనున్న ఇద్దరూ రంగంలో ఉండి మాట్లాడుతున్నారు. నేను ఎనిమిదేళ్లు చేసి బయటికి వచ్చినవాడిని. ఉద్యోగం మారమని చెప్పవద్దన్నారు, చెప్పను. కానీ ఏ వెలితిని భరించవచ్చో, దేన్ని భరించకూడదో వేరుచేసుకోకపోతే ఈ సలహాలన్నీ పుండు మీద రంగు పూసినట్టే అవుతాయి.

మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ బృందం దాదాపు 200 మంది ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లో ప్రకటించిన సిద్ధాంతంలో ఒక ఉపయోగకరమైన మాట ఉంది. తృప్తి, అసంతృప్తి ఒకే గీతకు రెండు కొసలు కావు. జీతం, అధికారుల తీరు, పని పరిస్థితులు సరిగా లేకపోతే అసంతృప్తి వస్తుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన తృప్తి రాదు. తృప్తి సాధించిన పని నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి వస్తుంది. ఆ సిద్ధాంతం మీద తరువాత విమర్శలు చాలా వచ్చాయి, అయినా "జీతం బాగానే ఉంది, అధికారులు మంచివారే, మరి నాకేమైంది?" అని తనను తానే నిందించుకునే మీలాంటివారికి అది కొంత ఊరట. మీకేమీ కాలేదు. రెండు లెక్కలూ వేరు.

రెండోది, మన పనిలో ఎవరూ జీతపు చీటీలో చూపించని శ్రమ ఒకటుంది. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రవేత్త విమాన సిబ్బందిని అధ్యయనం చేసి 1983లో ప్రచురించిన పుస్తకంలో, లోపలి భావాన్ని అణచుకుని ఉద్యోగానికి కావలసిన భావాన్ని ముఖంలో చూపించవలసి రావడాన్ని భావోద్వేగ శ్రమ అని పిలిచారు. రాత్రి పదకొండింటికి విలేకరి ఫోన్ చేసి కరకుగా మాట్లాడినా, మరు నిమిషంలో క్లయింటు ఫోన్ చేసి "ఆ వార్త ఎలా రానిచ్చారు?" అని విరుచుకుపడినా, ఇద్దరితోనూ ఒకే మృదువైన గొంతుతో మాట్లాడే మనిషి చేసేది ఆ శ్రమే. విలేకరికి మనం సంస్థ మనిషిలా కనిపిస్తాం, సంస్థకు విలేకరుల మనిషిలా కనిపిస్తాం. ఇద్దరికీ పరాయివాళ్లం కావడం ఈ ఉద్యోగపు స్వభావంలోనే ఉంది. దాన్ని అంగీకరించగలిగితే ఇందులో ఉండవచ్చు. నేను ఏడేళ్లు అంగీకరించాను.

ఎనిమిదో ఏట జరిగింది వేరు. పనిచేస్తున్న సంస్థ పేరు అవసరం లేదు. ఒక సేవ గురించి వరుసగా ఫిర్యాదులు వస్తున్నాయి, వాటి జాబితా నా కంప్యూటర్‌లోనే తెరిచి ఉంది. విలేకరి పంపిన ప్రశ్నకు "ఇప్పటివరకు మా దృష్టికి ఎలాంటి ఫిర్యాదులూ రాలేదు" అని జవాబు పంపమన్నారు. ఒక కిటికీలో జాబితా, పక్క కిటికీలో ఆ వాక్యం. అభ్యంతరం చెప్పాను, కానీ గట్టిగా చెప్పలేదు. పంపేశాను. అంతర్జాతీయ ప్రజాసంబంధాల సంఘం 1965లో ఆమోదించిన ఏథెన్స్ నియమావళిలో సత్యాన్ని మరే అవసరానికీ తాకట్టు పెట్టకూడదన్న అర్థంలో ఒక నియమం ఉంది. చదువుకునే రోజులలో దాన్ని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆరు నెలల తరువాత రాజీనామా చేశాను. వీరోచితంగా ఏమీ కాదు, ఇంకో ఉద్యోగం దొరికాకే.

పద్నాలుగో డ్రాఫ్టు గారూ, మీ వాక్యాన్ని తీసేసి పెట్టిన "మరో ముందడుగు" ఒట్టి బోలు మాట. అబద్ధం కాదు. బోలు మాటతో పోరాడవచ్చు, గెలవనూ వచ్చు, అందుకే మీరు ఉండదగ్గ చోటే ఉన్నారనిపిస్తోంది. అబద్ధం రాయమన్న రోజు మాత్రం తృప్తి గురించి ఎవరినీ అడగవలసిన అవసరం ఉండదు.

ఇప్పుడు నేను యంత్ర పరికరాల వాడకపు పుస్తకాలు రాస్తున్నాను. వాటి మీదా నా పేరు ఉండదు. మర బిగించవలసిన చోట "బిగించండి" అని రాస్తాను, ఎవరూ దాన్ని "బిగింపు అనుభవాన్ని మెరుగుపరిచే దిశగా" అని మార్చరు.

జవాబు — లోపలి నోటీసుబోర్డు

నేను అంతర్గత కమ్యూనికేషన్స్‌లో, అంటే సంస్థ ఉద్యోగులకు చెప్పవలసినవి చెప్పే పనిలో ఉన్నాను. మన రంగంలో దీన్ని చిన్నచూపు చూస్తారు. విలేకరుల పరిచయాలు లేవు, సంక్షోభపు రాత్రులు తక్కువ. కానీ ఒక సౌకర్యం ఉంది. నేను రాసింది చదివేవారు నా అంతస్తులోనే ఉంటారు. షిఫ్టు మార్పు గురించి తప్పుగా రాస్తే మధ్యాహ్నానికల్లా నా టేబుల్ దగ్గరికి వచ్చి అడుగుతారు.

ఉద్యోగాన్ని ఇచ్చినది ఇచ్చినట్టు చేయకుండా, దాని హద్దులనూ అందులోని సంబంధాలనూ ఉద్యోగులే మెల్లగా మలచుకుంటారని రెజెస్నియెవ్‌స్కీ, డటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ఒక వ్యాసంలో వివరించారు. ఆసుపత్రిలో శుభ్రం చేసే కొందరు తమ పనిని నేల తుడవడంగా కాక రోగులు కోలుకోవడంలో భాగంగా చూసుకుని, అందుకు తగినట్టు ఎవరూ చెప్పని పనులు కూడా చేయడం అందులోని ఉదాహరణ. నేను చేసుకున్న మార్పు చాలా చిన్నది. ఏ ప్రకటన అయినా అప్రూవల్‌కు పంపే ముందు, అది ఎవరి కోసమో వారిలో ఒకరికి చదివి వినిపిస్తాను. "మీకేమర్థమైంది?" అని మాత్రమే అడుగుతాను. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఆ మనిషి చెప్పిన జవాబును డ్రాఫ్టు పైన ఒక వరుసగా రాసి పంపిస్తాను. పై అధికారులు నా మాట కొట్టేసినంత తేలిగ్గా ఆ వరుసను కొట్టేయలేకపోతున్నారు.

పద్నాలుగో డ్రాఫ్టు

మీరందరూ ఇంత సమయం వెచ్చించి రాసినందుకు కృతజ్ఞతలు. గడప దాటినవాడు గారూ, ఆ రెండు కిటికీల సంగతి చదివాక కాసేపు ఏమీ తోచలేదు.

పాత డెస్కు మనిషి గారు అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు కాబట్టి, పాత మెయిళ్లన్నీ తెరిచి పద్నాలుగు ప్రతులనూ వరుసగా పెట్టి చూశాను. వచ్చిన సంగతి నేను ఊహించినది కాదు. నా వాక్యం ఐదో ప్రతి దాకా చెక్కుచెదరకుండా ఉంది. ఐదో ప్రతి పక్కన లీగల్ వారి వ్యాఖ్య ఒకటి ఉంది: "మూడు నెలలు అని కచ్చితంగా చెప్పగలమా? ఆపరేషన్స్ నిర్ధారించాలి." అంతే. వాక్యం తీసేయమని వారనలేదు. ఆపరేషన్స్ నుంచి ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ఆరో ప్రతిలో వాక్యం లేదు. ఆరో ప్రతి తయారు చేసింది మా విభాగమే. తేదీ, సమయం చూస్తే ఆ రోజు సాయంత్రం గడువు దగ్గర పడిందని నేనే తీసేసి ఉంటాను. "మరో ముందడుగు" తొమ్మిదో ప్రతిలో, ఆ ఖాళీని పూడ్చడానికి, డైరెక్టరు గారి కార్యాలయం నుంచి వచ్చింది. ఇన్నాళ్లూ నా వాక్యాన్ని పై వాళ్లు చంపేశారని చెప్పుకుంటూ తిరిగాను.

జవాబు — పాత డెస్కు మనిషి

ఇలా తేలుతుందని అనుకోలేదు గానీ, పెద్దగా ఆశ్చర్యమూ లేదు. డెస్కులో కూడా సగం వాక్యాలు శత్రువుల చేతిలో పోవు, గడువు చేతిలో పోతాయి. మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి. ప్రజాసంబంధాల ఉద్యోగుల పాత్రలను బ్రూమ్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో నాలుగుగా వర్గీకరించారు. అందులో చెప్పింది రాసిపెట్టే సాంకేతిక నిపుణుడు ఒకడు, సమస్యను యాజమాన్యంతో కలిసి విప్పేవాడు మరొకడు. ఆరో ప్రతి సాయంత్రం మీరు మొదటి కుర్చీలో కూర్చున్నారు. ఆపరేషన్స్ వారికి ఒక్క ఫోన్ చేసి ఉంటే రెండో కుర్చీలోకి మారేవారు. ఆ కుర్చీ ఎవరూ పిలిచి ఇవ్వరు. అది చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది.

పద్నాలుగో డ్రాఫ్టు

నిజమే. నిన్న ఆపరేషన్స్ మేనేజరు గారికి ఫోన్ చేశాను. ఎనిమిది నిమిషాలు మాట్లాడాం. మూడు నెలలు కాదట, ఐదు నెలలు పట్టవచ్చట. ఫోన్ ద్వారా పని పూర్తి చేసే ఏర్పాటు మాత్రం ఇప్పటికీ ఉందట, దాన్ని వాడేవారే చాలా తక్కువట. దాని గురించి ఎవరికీ చెప్పలేదు కాబట్టి వాడకపోవడం సహజమే. ప్రెస్ నోట్‌కు కాలం దాటిపోయింది కనుక, ఈ నెల వినియోగదారులందరికీ వెళ్లే బిల్లు మీదా, మూసేసిన కేంద్రం తలుపు మీదా ఆ సంగతి రెండు వరుసలలో పెట్టడానికి అనుమతి అడిగాను. తలుపు మీది కాగితానికి వెంటనే ఒప్పుకున్నారు, బిల్లు విషయం లీగల్ చూస్తోంది.

తలుపు మీది నోటీసును, లోపలి నోటీసుబోర్డు గారు చెప్పినట్టు, ముందుగా మా భవనం సెక్యూరిటీ ఉద్యోగికి చదివి వినిపించాను. "మీకేమర్థమైంది?" అని అడిగితే, "ఫోన్ చేయమంటున్నారు, కానీ ఏ వేళలో చేయాలో రాయలేదు కదండీ" అన్నారు. వేళలు చేర్చాను.

కొలబద్ద గారికి ఒక ప్రశ్న. ఆ ఫోన్ లైనుకు ఇప్పుడు రోజుకు ఎన్ని కాల్స్ వస్తున్నాయో నోటీసు అంటించక ముందే రాసి పెట్టుకోవాలనుకుంటున్నాను. ఎన్ని రోజుల లెక్క తీసుకుంటే పోల్చడానికి సరిపోతుంది?

జవాబు — కొలబద్ద

కనీసం రెండు పూర్తి వారాలు తీసుకోండి, ఎందుకంటే వారంలో ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. బిల్లులు వెళ్లే రోజులు ఆ రెండు వారాలలో పడితే వాటిని విడిగా గుర్తు పెట్టుకోండి. నోటీసును రెండు వారాలు ఆపడం మాత్రం సరికాదు, ఈ రోజే అంటించేయండి. పాత కాల్స్ వివరం టెలిఫోన్ రికార్డులలో ఉంటుంది, ఆపరేషన్స్ వారిని అడిగితే ఇస్తారు. కాల్స్ సంఖ్యతో పాటు, ఫోన్ చేసినవారు మొదట అడిగే ప్రశ్న ఏమిటో కూడా రాసిపెట్టమనండి.

పద్నాలుగో డ్రాఫ్టు

సరేనండి. నోటీసు అంటించడానికి నేనే వెళ్తున్నాను.